ఒడిలో పోసిన గింజలు

"పొద్దు బారెడెక్కింది. ఇయ్యాల పొయ్యి ముట్టిస్తవా, ముట్టియ్యవా?"

మొండయ్య అలా అడగడం అది మూడోసారి. చిలుకమ్మ వంటింటి గడపలో కూర్చుని, చల్లారిన పొయ్యి వంక చూస్తోంది. నిన్న సాయంత్రం పంచాయతీ ఆఫీసు ముందు నానా యాగీ చేసి వచ్చినప్పటి నుంచి ఆమె వరస ఇదే.

"నిన్నే అడుగుతాన. నోట్ల నాలుకె లేదా?"

"ఆకలైతే తమ్మునింటికి పో. మేడమ్‌లొచ్చి ఫొటోలు దిగే ఇల్లది. పప్పు, పచ్చిపులుసు చేసి పెడ్తరు."

"మళ్ళ గదే ముచ్చట! శోభ నీకేం అన్యాలం చేసిందే?"

చిలుకమ్మ తల తిప్పి మొగుణ్ణి ఒక చూపు చూసింది. అరవై దాటిన మనిషి, ఇంకా మరదల్ని వెనకేసుకొస్తాడు. అత్త బతికున్నప్పుడు అత్త. ఇప్పుడు ఈయన. ఈ ఇంట్లో తన పక్షాన మాట్లాడిన మనిషి ఒక్కరైనా ఉన్నారా?

"నేనేమన్న? రెండు పొట్లాలు తారుమారైనయన్న. ఆ మంచి గింజలు మనయి అన్న. ఉన్న మాటే అన్న."

"నువ్వు గంతే అన్నవ్. ఊరోళ్ళు దానికి కాళ్ళు చేతులు పెట్టిండ్రు." మొండయ్య తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. "శోభ ఎక్కడనో గింజలు కొనుక్కొచ్చి, మా అవ్వ విత్తనమని ఇచ్చిందట. చనిపోయిన ముసల్దాని పేరు అమ్ముకున్నదట. పొద్దుగాల చాయ్ హోటల్ల అందరు గదే. మా తమ్ముడు సారంగపాణి తల దించుకొని అటునుంచటే చేనుకు పోయిండు."

ఆ మాట వినగానే చిలుకమ్మకు లోపల ఎక్కడో చల్లగా తగిలింది. పొలాలు పంచుకున్న ఈ ఇరవై రెండేళ్ళలో శోభారాణిని ఊరు వేలెత్తి చూపడం ఇదే మొదలు. కాని ఆ చల్లదనం ఎంతోసేపు నిలవలేదు. దాని వెంటే ఇంకేదో పైకి వచ్చింది. దాన్ని ఆమె బలవంతంగా కిందికి తోసేసింది.

అసలు ఈ గొడవంతా మొన్న సుప్రియ తెచ్చిన కాగితంతో మొదలైంది. సుప్రియ హనుమకొండ దగ్గరి వరి పరిశోధన కేంద్రంలో పనిచేస్తుంది. రెండేళ్ళ కిందట ఊరూరా తిరిగి పాత వడ్లు పోగుచేస్తూ రఘునాథపల్లి దాటి వీళ్ళ ఊరికీ వచ్చింది. గింజ కొన నల్లగా ఉండే నల్లమూతి వడ్లు ఈ చుట్టుపక్కల వీళ్ళ రెండిళ్ళలోనే ఉన్నాయని ఎవరో చెబితే, తోడికోడళ్ళిద్దరి దగ్గరా ఒక్కో పొట్లం తీసుకుపోయింది.

మొన్న తిరిగొచ్చి, వాకిట్లో మంచం మీద పెద్ద కాగితం పరిచింది. మూడువందల రకాల మొక్కల ఆకులు నలిపి, వాటి జన్యువులు చూసి, ఏది దేనికి చుట్టమో గీసిన బొమ్మ అది. దగ్గరి చుట్టాలు ఒక కొమ్మకు, దూరపువాళ్ళు ఇంకో కొమ్మకు. కొత్త వంగడం పుట్టించాలంటే దూరపు కొమ్మల నుంచి జతను వెతకాలట. దగ్గరివాటిని కలిపితే ఉన్న గుణాలే మళ్ళీ వస్తాయి తప్ప కొత్తవి రావట.

"అంటే వరికి గూడ మేనరికం పనికిరాదంటవ్," అని మొండయ్య నవ్వాడు కూడా.

చిలుకమ్మ నవ్వలేదు. ఆమె కళ్ళు ఆ బొమ్మ మీదే ఉన్నాయి. శోభ ఇచ్చిన గింజల కొమ్మ ఒక్కటే విడిగా, దర్జాగా ఉంది. తను ఇచ్చిన గింజల కొమ్మ మాత్రం ఇంకో పన్నెండు రకాలతో కలిసి, జంక్షన్‌లో షేర్ ఆటో ఎక్కినట్టు ఇరుక్కుని ఉంది. పైగా కేంద్రం వాళ్ళ చేనులో రెండేళ్ళు పక్కపక్కనే పెంచి చూస్తే, పిలకలన్నీ ఉల్లికాడల్లా గొట్టాలైపోయే ఉల్లికోడు తెగులు చిలుకమ్మ వడ్లను తినేసింది. శోభ వడ్ల జోలికి పోలేదు. ఇంకేం? శోభ వడ్లను సన్నరకంతో కలిపి కొత్త వంగడం చేస్తారట. కేంద్రం రిజిస్టర్లో విత్తనం కాపాడిన రైతుగా శోభారాణి పేరు రాస్తారట.

ఆ పేరు మాట దగ్గర చిలుకమ్మకు ఒళ్ళు మండింది. పొట్లాలు మారాయని ఆమె ఊరికే అనలేదు. నిజంగానే నమ్మింది. ఎందుకంటే శోభ దగ్గరున్నవి మంచి గింజలు అయ్యే వీలే లేదని ఈ లోకంలో చిలుకమ్మ ఒక్కతికే తెలుసు.

ఇరవై రెండేళ్ళ కిందటి సంగతి. అత్త కట్టమ్మ మంచం పట్టి మూడు నెలలు తీసుకుని పోయింది. ఆ మూడు నెలలూ శోభ చేతి జొన్న గట్క తప్ప ఏమీ ముట్టలేదు. చిలుకమ్మ గిన్నె పట్టుకుని నిలబడితే, "శోభను రమ్మను" అనేది. పదహారేళ్ళప్పుడు ఈ గడప తొక్కి, రెక్కలు ముక్కలు చేసుకున్న పెద్దకోడలు తను. నిన్నగాక మొన్న వచ్చి, పదోతరగతి పాసయ్యానని తిరిగే శోభ చేతిలో ఏ అమృతం ఉందో ఆమెకు అంతు పట్టలేదు.

ఆ మంచంలోనే అత్త ఒకరోజు విత్తనాలు దాచిన వెదురు గుమ్మి చూపించి, "అన్నదమ్ములు ఏరు పడ్డంక శోభ ఒడిల ఈ విత్తనం నువ్వే పొయ్యాలె. మనింట్ల పెద్దామె చేతితోనే పోసుడు ఆనవాయితీ" అంది.

దినాలు అయ్యాక పొలాలు పంచుకున్నారు. నలుగురు పెద్దమనుషుల ముందు శోభ కొంగు పట్టి నిలబడింది. చిలుకమ్మ మాత్రం గుమ్మిలో చెయ్యి పెట్టలేదు. కోతకు ముందు చేనులో ఏరి పారేసే కేళీలు ఉంటాయి కదా, మంచి వరిలో దొంగల్లా మొలిచే వేరు జాతి వెన్నులు, బర్రెకు వేద్దామని మూలన పడేసిన వాటిని దులిపి, రెండు మానికలు నిండుగా శోభ ఒడిలో పోసింది. వాటికీ మూతి నల్లగానే ఉంటుంది. తేడా ఎవరు చూస్తారు? శోభ వంగి కాళ్ళకు మొక్కింది. చిలుకమ్మ దీవించింది కూడా.

ఆ కేళీలా ఈరోజు ఉల్లికోడును తట్టుకునే మహా విత్తనం! ఆరేళ్ళ కిందట ఉల్లికోడుకు తన చేను పోయి శోభ చేను నిలిచినా, అది నాటు అదను తేడా అనుకుంది. పొట్లాలు మారకపోతే ఇంకేమిటి?

వాకిట్లో చెప్పుల చప్పుడైంది. సుప్రియ ముందు, వెనక శోభారాణి. శోభ చేతిలో చాట, చాటలో చిన్న గింజల మూట ఉన్నాయి. కళ్ళు వాచి ఉన్నాయి కాని మొహం ప్రశాంతంగానే ఉంది. ఏడుస్తూ వచ్చినా, తిడుతూ వచ్చినా చిలుకమ్మకు ఇంత కష్టం అనిపించేది కాదు.

"అన్నం తిన్నరా బావా?" అని మొండయ్యను అడిగింది శోభ.

"ఇంకా లేదు," అన్నాడతను పెళ్ళాం వంక చూడకుండా.

సుప్రియ అరుగు మీద కూర్చుని, సంచిలోంచి రెండు పొట్లాలు తీసింది. "పెద్దమ్మా, మీ మాట మా సార్ దాకా పోయింది. అందుకే పొద్దున్నే బస్సెక్కి వచ్చిన. రెండూ ఒకే గుమ్మిల గింజలైతే ఇంత దూరపు చుట్టాలు కావు. మా దగ్గర ఇంకో పొట్లంతోనన్న మారి ఉండాలె, లేకుంటే చిన్నమ్మ వేరే గింజలన్న ఇచ్చి ఉండాలె. సంగతి తేలేదాక చిన్నమ్మ గింజలు పక్కకు పెట్టుమన్నడు సార్."

"పెట్టుండ్రి. నష్టమేంది?" అంది చిలుకమ్మ.

"వరి మనకోసం ఆగదు కదమ్మా. మా చేన్ల అది ఈనింది. ఇయ్యాల సాయంత్రం కత్తెర పట్టాలె. తల్లిగా పెట్టుకున్న మొక్క గింజల మూతులు కత్తిరించి, లోపలి పుప్పొడి తీసేసి, కాగితం సంచి తొడిగితే, రేపు పొద్దున పదింటికి పూత విచ్చినప్పుడు రెండో మొక్క పుప్పొడి దులుపుతం. ఈ వారం దాటితే పూత పోతది. మళ్ళ ఏడాది."

"ఏడాది పోతె పోనియ్ మేడం," అంది శోభ. "రిజిస్టర్ల నా పేరు లేకున్నా ఫికర్ లేదు. నన్ను దొంగ అంటాన్రు. అది నేను మొయ్యలేను." ఆమె చిలుకమ్మ వైపు తిరిగింది. "అక్కా, నలుగురి ముందట నీ చేతులతోని నా ఒడిల పోస్తివి. నేను ఒక్క గింజ గూడ బయటి నుంచి తేలే. గా ఒక్క మాట మేడంకు చెప్పు. నేనేం ఎక్కువ అడుగుతలేను."

చిలుకమ్మ మళ్ళీ పొయ్యి వైపు తిరిగింది.

"ముందు గింజలు చూద్దాం," అంది సుప్రియ. "పెద్దమ్మ పొట్లం ఇటు. చిన్నమ్మ పొట్లం ఇటు. చిన్నమ్మా, నీ ఇంట్ల గింజలు నడుమ పొయ్యి."

చాటలో మూడు చిన్న కుప్పలు పడ్డాయి. మొండయ్య వంగి చూశాడు. చిలుకమ్మ గడపలోంచి లేవకుండా ఉందామనుకుంది. కాళ్ళు ఆగలేదు.

మూడింటికీ మూతి నల్లగానే ఉంది. కాని నడుమ కుప్పకు, శోభ పొట్లంలోని కుప్పకు గింజ కొసన సన్నని ఎర్రటి మీసం ఉంది. తన కుప్పకు లేదు.

ఆ ఎర్రమీసాన్ని చిలుకమ్మ ఎక్కడున్నా పోల్చగలదు. ఇన్నేళ్ళుగా చేనులో ఆ మీసం చూసే కదా పీకి గట్టు మీద పారేస్తోంది. పొట్లాలు మారలేదు. మారిందల్లా ఆ రోజు ఒడిలోనే. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

తను చెత్త అని పోసింది. చెత్తే మంచిదైంది. తను మంచిదని దాచుకున్నది పదమూడింటిలో ఒకటైంది. ఎంత కుళ్ళుతో చేసినా చివరికి శోభకు మేలే జరిగిందా? అత్త పైనుంచి చూసి నవ్వుతోందా? చిలుకమ్మకు ముందుగా వచ్చింది పశ్చాత్తాపం కాదు. పచ్చి అసూయ.

"పొట్లాలు మారలే," అంది సుప్రియ. "మరి పెద్దమ్మా, ఆ రోజు చిన్నమ్మకు పోసింది మీ గుమ్మిల గింజలేనా?"

పక్కింటి వాళ్ళ మిక్సీ ఒక్కటే మోగుతోంది.

అవునంటే శోభ ఆ తర్వాత గింజలు మార్చినట్టవుతుంది. కాదంటే తన బతుకు బజారున పడుతుంది. రెండింటికీ మధ్య ఒక సన్నని సందు ఉంది. చిలుకమ్మ ఆ సందులోంచి జారుకుంది.

"ఇరవై రెండేండ్ల ముచ్చట. నాకేం యాదికుంటది? ఏం పోసిన్నో, ఏడికెళ్ళి పోసిన్నో నాకు తెల్వది."

"తెల్వదా?" అన్నాడు మొండయ్య. అతని గొంతులో ఏదో తేడా ఉంది.

"తెల్వది."

శోభ అక్క మీంచి కళ్ళు తిప్పుకుంది. తర్వాత సుప్రియతో మెల్లగా అంది, "రాసుకో మేడం. గింజలు ఎక్కడియో తెల్వదని రాయి." చాట అందుకోబోయింది. తొందరలో చాట వంగి నడుమ కుప్ప సగం నేల పాలైంది.

"పోనియ్ చిన్నమ్మా, పిడికెడే కదా," అంది సుప్రియ.

శోభ వినలేదు. మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో గింజా ఏరి కొంగులో వేసుకోసాగింది. అరుగు సందులో పడ్డ వాటిని చీపురుపుల్లతో బయటికి లాగింది. గేటు దగ్గరికి దొర్లిన గింజ కోసం అక్కడిదాకా పాకింది. దొంగ అనిపించుకున్న మనిషి, రిజిస్టర్లో పేరు పోయే మనిషి, ఆ పనికిమాలిన ఎర్రమీసాల గింజల్ని బంగారపు రవ్వల్లా ఏరుతోంది.

చిలుకమ్మ చూడలేకపోయింది. మొహం తిప్పుకుంది. మళ్ళీ చూసింది. తను గట్టు మీద పారేసినవన్నీ, బర్రెకు వేసినవన్నీ కళ్ళ ముందు తిరిగాయి.

"కేళీలు," అంది.

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని ఆమెకు కాసేపటికి గాని తెలియలేదు.

"ఏమన్నరు పెద్దమ్మా?"

"కేళీలు బిడ్డా. గుమ్మిల చెయ్యి పెట్టలే నేను. చేన్లకెళ్ళి ఏరి మూలకేసిన కేళీలు దాని ఒడిల పోసిన. అది దొంగ గాదు. నేనే దొంగను."

మొండయ్య గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. సుప్రియ మాత్రం ఆత్రంగా పెన్ను తీసింది. "అట్లనా! అయితే ఎన్నడో ఇంకో పాత రకం మీ చేన్ల కలిసుంటది. మీరు ఏరి పారేస్తాంటే చిన్నమ్మ పెంచుకుంటొచ్చింది. అందుకే అది ఎవ్వరి దగ్గర లేదు. ఇది చాలు. సార్‌కు ఇప్పుడే ఫోన్ చేస్తా. సాయంత్రం పని ఆగదు." ఆమె ఫోన్ పట్టుకుని గేటు బయటికి వెళ్ళింది.

శోభ ఇంకా నేల మీదే ఉంది. తల ఎత్తకుండా అంది, "నాకెరికే అక్కా."

"ఏం ఎరిక?"

"మొదటేడు వెన్ను ఈనినప్పుడే తెలిసింది. నేను రైతుబిడ్డనే. కేళీ ఏదో, వరి ఏదో నాకు తెల్వదా? నీ చేను గట్టుకొచ్చి చూసుకున్న. నీదాంట్ల పీకేసినదే నాదాంట్ల మడంత నిలబడ్డది."

చిలుకమ్మ ఆమె దగ్గరికి వంగింది. "మరి అప్పుడే ఎందుకడగలేదే?"

"అడిగితే నవ్వుతవని. పీకిపారేసి కొత్త గింజలేద్దామనుకున్న. మనసొప్పలే. నువ్వు పారేసినదాన్ని నీకంటె మంచిగ పండించి చూపియ్యాలనిపించింది." శోభ కొంగులోని గింజలకు ముడి వేసింది. "ఆరేండ్ల కింద ఉల్లికోడొచ్చి నీ చేను మొత్తం పోయింది చూడు, అప్పుడు నా చేనుకు ఏం గాలే. నీకు విత్తనమిద్దామని సంచి గట్టిన. మీ గేటు దాక వచ్చిన. నువ్వు లోపల ఏడుస్తాంటే విని, సంచి పట్టుకొని మళ్ళిపోయిన. ఆనాడు సంబురమైంది నాకు. అది గూడ నీకు చెప్పాలె గద!"

"నేను నీకేం చేసిన్నే? నాకంటె నీకు తక్కువేముండె? అత్త మూడు నెలలు నీ చేతి గట్కనే తాగింది. నన్ను దగ్గరికి రానియ్యలే."

"గట్క నా చేతిది తాగింది. విత్తనం ఎవరి చేతికిచ్చింది?" శోభ మొదటిసారి గొంతు పెంచింది. "ఎత్తిపోసుడు, తుడుసుడు, కడుగుడు నాకు. గుమ్మి నీకు. పెద్దామె చేతితోనే పొయ్యాలె అన్నది. నేను కొంగు పట్టాలె. ఇన్నేండ్లు నీ ఒక్కదానికే కడుపుల కుళ్ళున్నదనుకున్నవా?"

చిలుకమ్మ ఇరవై రెండేళ్ళు ఆ మంటను ఒక్కతే మోస్తున్నాననుకుంది. గోడ అవతల ఇంకొకతి అంతే మంటతో పడుకుంటోందని ఏనాడూ తట్టలేదు. ఆ సంగతి తెలిసి ఊరట కలిగిందో, కొత్తగా కోపం వచ్చిందో ఆమెకే అర్థం కాలేదు.

శోభ లేచి నిలబడింది. "ఇప్పుడు చెప్పినవ్, మంచిదే. ఒడిల పోసుడు నలుగురి ముందట పోసినవ్. నన్ను దొంగను చేసుడు నిన్న పంచాయతి ముందట చేసినవ్. కేళీలన్న మాట మాత్రం వంటింటి గడపల చెప్తాన్నవ్. పొద్దుమూకి అందరు చేన్లకెళ్ళి వచ్చేటాళ్ళకు పంచాయతి కాడికొచ్చి గిదే చెప్తవా?"

పంచాయతీ ముందు! చాయ్ హోటల్ వాళ్ళు, నాట్లకు వచ్చే ఆడవాళ్ళు, అందరి ముందు! చిలుకమ్మ మొండయ్య వైపు చూసింది. అతను ఈసారి శోభను కూడా వెనకేసుకు రాలేదు. నేల వంక చూస్తూ కూర్చున్నాడు.

చిలుకమ్మ గిరుక్కున తిరిగి లోపలికి నడిచింది. మూల గదిలో గుమ్మి మూత తీసింది. వేపాకుల కింద చెయ్యి పెట్టి, అత్త ఇచ్చిన ఆ విత్తనం నుంచే ఏటా పండించుకుంటున్న అసలు నల్లమూతి వడ్లు దోసిలి నిండా ఎత్తుకుని వాకిట్లోకి వచ్చింది.

"ఒడి పట్టు శోభా," అంది. "ఆనాడు పొయ్యనియి ఇప్పుడు పోస్తాన. ఒడి పట్టు."

శోభ కేళీల ముడిని పిడికిట్లో బిగించి పట్టుకుంది. కొంగు విప్పలేదు.

"పంచాయతి కాడికి వస్తవా, రావా?"

చిలుకమ్మ దోసిలి చాచి అలాగే నిలబడింది. వేళ్ళ సందుల్లోంచి గింజలు ఒక్కొక్కటే నేల మీద రాలుతున్నాయి. ఈసారి వాటిని ఏరడానికి శోభ వంగలేదు.